నా చేతి నీళ్లు తాగిన పువ్వు

ఒక ప్రశ్న అడుగుతాను, అటూ ఇటూ చూడకుండా జవాబు చెప్పండి. ఈ పొద్దున మీ ఇంట్లో దేవుడి పటానికి పెట్టిన మందారం ఏ మొక్కది? ఆ మొక్కకు నిన్న నీళ్లు పోసిందెవరు?

మొదటి దానికి పక్కింటి గోడ వైపు వేలు చూపించారు. రెండో దానికి ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. సరే, కూర్చోండి. పిల్లలు ముందుకు రండి. పెద్దలు వెనక్కి జారుకోకండి, ఈ కథ ఎక్కువగా మీకే.

అనగనగా, మన తాతలకు తాతలు ఇంకా ఒళ్లో కూర్చుని కథలు వినే కాలంలో, ఎర్రమట్టి గుట్టల నడుమ కెంపుకొండ అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి ఇలవేల్పు కెంపులమ్మ తల్లి. ఆ తల్లి బంగారం అడగదు, పట్టుచీర అడగదు. ఏడాదికొకసారి, శ్రావణ శుక్రవారం జాతరనాడు, ఎర్ర మందారం అడుగుతుంది. అది కూడా ఊరికే పాదాల దగ్గర పడేసి పోతే కుదరదు. పువ్వు పట్టుకున్నవాళ్లు, రాజైనా కూలివాడైనా, తల్లి ఎదుట నిలబడి, పదిమందికీ వినబడేలా ఒక్క మాట అనాలి.

"తల్లీ, ఈ పువ్వు నా చేతి నీళ్లు తాగింది."

ఆ ఆనవాయితీ పెట్టింది ఆ వంశపు మొదటి రాజు. ఆయన వాగునుంచి బిందె భుజాన మోసుకొచ్చి తన మొక్కకు తానే పోసుకున్నాడు కాబట్టి ఆ మాట అన్నాడు. ఆయన కొడుకు బిందె ఎత్తడం మానేసి బిందె అంచు తాకాడు. మనవడు బిందె ఎత్తినవాడి భుజం తాకాడు. మన కథలోని రాజు కీర్తిసేన మహారాజు జాతర రోజు పొద్దున మేడమీద నిలబడి, దూరాన పోతున్న బిందె వైపు ఒకసారి చూసేవాడు. మాట మాత్రం మారలేదు. "నా చేతి నీళ్లు తాగింది" అని గొంతెత్తి అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. అబద్ధానికి తలపాగా చుడితే చప్పట్లు ఇంకాస్త గట్టిగానే పడతాయి మరి.

తల్లి గద్దె ఊరి చివర మిట్టమీద ఉండేది. దానికి వంద అడుగుల దూరంలో తోటపనివాళ్ల వాడ. ఆ వాడలో మొదటి గుడిసె పైడిది.

పైడికి ఇరవయ్యేళ్లు. వాళ్లమ్మ పోతూ పోతూ ఆస్తి అని ఇచ్చింది ఒక్కటే, గుడిసె ముందున్న మందార చెట్టు. చెట్టంటే పెద్ద మానేమీ కాదు, మనిషెత్తు పొద. కానీ ఏమి పొద! పుష్యమాసం చలిలో ఊళ్లోని మొక్కలన్నీ ముడుచుకు పడుకుంటే, అది మాత్రం ఒళ్లంతా పువ్వులతో నిలబడేది.

"పైడీ, దీనికి కావలసినవి మూడే" అని చెప్పింది అమ్మ ఆఖరి రోజుల్లో. "తలమీద ఎండ. కాళ్లకింద నీళ్లు నిలవని మట్టి. ఏడాదికొకసారి, మాఘంలో, పదునైన కత్తి. పాత కొమ్మకు పువ్వు రాదే, కొత్త చిగురు చివరనే మొగ్గ. నీళ్లు పోసేముందు మట్టిలో వేలు దించు. తడి తగిలితే బిందె దించెయ్. తగలకపోతే పొయ్. అంతే, ఇంకేమీ అడగదు. దీన్ని చావనివ్వకు."

"చావనివ్వను" అంది పైడి.

ఇంకో మాట కూడా చెప్పింది అమ్మ. ఒక పువ్వు తెంపి కూతురి అరచేతిలో పెట్టి, "ఐదు రేకులెందుకో తెలుసా? అవి ఐదు వేళ్లు. పెంచిన చేతివి. నడుమ పొడుగ్గా బయటికొచ్చిందే కేసరం, అది నాలుక. ఆ చేయి ఏం చేసిందో నిజం చెప్పడానికి. అందుకే తల్లికి ఈ పువ్వంటే ఇష్టం" అంది.

ప్రతి మాఘంలో పైడి పొదను కత్తిరించేది. నరికిన కొమ్మల్లో వేలంత లావున్నవి ఏరి, జానెడు ముక్కలు చేసి, వాడలో అడిగినవాళ్లకల్లా ఇచ్చేది. అలా ప్రతి వాకిట్లోనూ ఆ మందారానికి పిల్ల ఒకటి ఉండేది. ఎదురింటి నూకాలత్త వాకిట్లో అయితే మూడున్నాయి.

ఒక పుష్యమాసం పొద్దున కీర్తిసేన మహారాజు ఏనుగెక్కి ఆ దారిన వచ్చాడు. పక్కనే గుర్రం మీద దేవకార్యాల అధికారి శుభంకరుడు. రాజు పొదను చూశాడు, ఏనుగును ఆపాడు.

"ఇంత చలిలో ఇన్ని పువ్వులా! ఇది మామూలు మొక్క కాదు."

ఆ మాట కోసమే పుట్టినట్టు శుభంకరుడు గుర్రం దిగాడు. "చిత్తం ప్రభూ. రాత్రి తల్లి నాకు కలలో ఇదే చెప్పింది. ఈ మొక్కలో తానే కొలువై ఉన్నానంది. ఐదు రేకులు మహారాజులవారి ఐదు సుగుణాలు. నడుమ ఉన్నది తమరి కీర్తి ధ్వజం."

పైడి నీళ్ల బిందెతో పక్కనే ఉంది. నవ్వాపుకోలేక, "కలలో చెప్పిన తల్లి నీళ్లెవరు పోస్తున్నారో చెప్పలేదా అయ్యా?" అంది.

శుభంకరుడు ఆమెను అప్పుడే చూశాడు. చూసి, ముక్కు మీద ఉత్తరీయం పెట్టుకున్నాడు. "ఇదెవతె? దేవతా వృక్షం పక్కన ఈ గుడిసేమిటి? ఈ పొయ్యి పొగేమిటి? ప్రభూ, ఈ మైల చేతులు ఇక దీన్ని తాకకూడదు."

రాజు తల ఊపాడు. అంతే, పెద్దగా ఆలోచించలేదు. పెద్దవాళ్లు తల ఊపడానికి ఆలోచన అక్కర్లేదు కదా! మధ్యాహ్నానికల్లా పైడి గుడిసె నేలమట్టమైంది. పన్నెండేళ్లు ఆ పొద మొదట్లో వేలు దించి చూసిన పిల్ల వీధిలో నిలబడింది. నూకాలత్త వచ్చి చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది.

ఇక మర్యాదలు మొదలయ్యాయి.

మొదటి మర్యాద: పొద చుట్టూ నల్లరాతి తిన్నె కట్టారు. నీరు పోయే సందు ఒక్కటి లేకుండా సున్నం పూశారు. పైన పట్టు చాందినీ వేశారు, నాలుగు వైపులా పట్టు తెరలు దించారు. తల్లికి ఎండ తగలకూడదట.

రెండో మర్యాద: రోజూ పొద్దున కడివెడు పాలు, చెంబెడు తేనె, గిన్నెడు నెయ్యి మొదట్లో పోశారు. తల్లి వట్టి నీళ్లు తాగదట.

మూడో మర్యాద: శాసనం వేయించారు. దేవతా వృక్షాన్ని ఇనుము తాకరాదు. తాకించినవాళ్ల చేయి నరకబడును.

చూశారా? ఎండ తీసేశారు, ఆరే మట్టి తీసేశారు, కత్తి తీసేశారు. మూడూ భక్తితోనే. ఒక మొక్కను గొడ్డలితో నరికినా ఇంత పకడ్బందీగా చంపలేరు.

పొద చుట్టూ కంచె, కంచెకు కాపలా. పైడికి లోపలికి పోవడానికి లేదు. లోపలి కబురు తెచ్చేది ఒక్కటే, ఊదారంగు తేనెపిట్ట. బొటనవేలంత ఒళ్లు, వంకర ముక్కు, ఊరంత నోరు. ఆ పొద పువ్వుల్లోనే దాని భోజనం.

మాఘంలో ఒక పొద్దున అది నూకాలత్త చూరుమీద వాలింది. "ఓసి పైడీ! మీ అమ్మ పొద ఏం చేస్తోందో తెలుసా? పొడుగ్గా, పిచ్చిగా సాగుతోంది. ఎండ కోసం మెడ చాచి తెర సందులో వెతుకుతోంది. కత్తి పడే వేళ ఇది, నువ్వేమో ఇక్కడ పప్పు రుబ్బుతున్నావు."

పైడి కత్తి పట్టుకుని కంచె దగ్గరికి వెళ్లింది. కాపలావాళ్లు నవ్వారు. "శాసనం చదవడం రాదా నీకు?" అని కత్తి లాక్కుని పంపేశారు.

వైశాఖంలో పిట్ట మళ్లీ వచ్చింది. "పైడీ, ఆకులు పసుపైపోయాయి. పాలు విరిగి కంపు కొడుతున్నాయి. తేనెకూ నెయ్యికీ చీమల దండు దిగింది. అవి ఊరికే రాలేదు, పిండినల్లిని తెచ్చి కొమ్మకొమ్మకూ కాపురం పెట్టించాయి. పొద సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. శుభంకరుడేమో, తల్లి విభూతి పూసుకుందని దండం పెడుతున్నాడు."

పైడి వేపాకు కషాయం కాచింది. కుంకుడు రసం కలిపింది. కుండ నెత్తిన పెట్టుకుని వెళ్లింది. "అయ్యా, నన్ను లోపలికి రానివ్వకపోతే పోనీ. మీ చేత్తోనే దీన్ని కొమ్మలమీద చల్లండి. ఆ పాలు మాత్రం ఆపండి" అని బతిమాలింది. కాపలావాడు బల్లెం మొనతో కుండ పగలగొట్టాడు. కషాయం పైడి చీరంతా కారింది.

ఆషాఢంలో పిట్ట మూడోసారి వచ్చింది. ఈసారి దాని నోట్లో ఎకసెక్కం లేదు. "పైడీ, నాలుగు మొగ్గలొచ్చాయి. నాలుగూ విచ్చకుండానే రాలిపోయాయి. తిన్నెలో వాన నీరు బురదై నిలిచింది. మొదలు మెత్తబడుతోంది. ఇంక ఎన్నాళ్లో ఉండదు."

ఆ రోజు పైడి పరుగెత్తింది. శుభంకరుడే ఎదురుపడ్డాడు.

"అయ్యా, తిన్నెలో ఒక్క రాయి తీయించండి. ఒక్కటంటే ఒక్కటి! నీరు పోతుంది. మా అమ్మకు మాటిచ్చాను."

"చెట్టు నీరసించడానికి కారణం తెలిసింది" అన్నాడు శుభంకరుడు మెల్లగా, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా. "రోజూ ఈ పిల్ల కళ్లు కంచె మీద పడుతున్నాయి. ఇంకొకసారి ఈ దరిదాపుల్లో కనబడితే రాజ్యం వదిలి పోవాల్సి ఉంటుంది."

పైడి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నూకాలత్త పక్కన కూర్చుని, "పోనీవే అమ్మా. పెద్దవాళ్లతో మనకెందుకు? దాని పిల్లలు మన వాకిళ్లలో ఉన్నాయిగా" అంది.

"అత్తా, నీకు ముగ్గురు కొడుకులున్నారని నీ గొంతు పిసుకుతుంటే చూస్తూ ఊరుకోవాలా?"



శ్రావణ శుక్రవారం వచ్చింది. ఇంకా బాగా తెల్లవారకముందే వాడలోకి రాజభటులు గంపలతో దిగారు. ఎవరినీ అడగలేదు. ఏ వాకిట్లో విచ్చిన మందారం కనబడితే అది తెంపారు. నూకాలత్త వాకిట్లో మూడు పొదలూ బోసిపోయాయి.

"ఎవరికి నాయనా ఈ పువ్వులు?" అని అడిగింది నూకాలత్త.

"నోరు మూసుకో ముసలీ. మేం రాలేదు, నువ్వు చూడలేదు."

వాళ్లు పోగానే తేనెపిట్ట వచ్చి వాలింది. "తెర సందులోంచి చూసొస్తున్నా. మీ అమ్మ పొదకు ఒక్క పువ్వు లేదు, ఒక్క మొగ్గ లేదు. నా పొట్ట సాక్షి."

పైడికి సంగతంతా అర్థమైంది. చెంగు బిగించి లేచింది.

నూకాలత్త వాకిలికి అడ్డంగా నిలబడింది. "వద్దే! మన పువ్వు తల్లికేగా పోయింది. సంతోషించి ఊరుకుందాం."

"పువ్వు పోతే పోనీ అత్తా. దాంతోపాటు అబద్ధం పోతోంది. ఈ రోజు నేను ఊరుకుంటే రేపు ఆ పొద చచ్చిపోతుంది. చచ్చాక కూడా ఏటేటా పూస్తూనే ఉందంటారు. మన వాకిళ్లే దోచి, మన చేతులకే మైలంటారు. తప్పుకో."

అత్త కళ్లు తుడుచుకుని తప్పుకుంది.

మిట్టమీద జనం ఇసుక వేస్తే రాలనట్టున్నారు. తల్లి గద్దె ముందు వెండి పళ్లెంలో నూట ఎనిమిది ఎర్ర మందారాలు. శుభంకరుడు చేతులెత్తి ప్రకటించాడు. "మహాజనులారా! తల్లి మహిమ చూడండి! దేవతా వృక్షం ఒక్క రాత్రిలో నూట ఎనిమిది పువ్వులు పూసింది!"

జేజేలు మోగాయి. కీర్తిసేన మహారాజు పళ్లెంలోంచి ఒక పువ్వు తీశాడు. కళ్లు మూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"తల్లీ, ఈ పువ్వు నా..."

"మహారాజా, ఆ మాట అనకండి!"

జనం తలలన్నీ అటు తిరిగాయి. భటులు పైడి రెక్క పట్టుకున్నారు. ఆమె విదిలించుకోలేదు, గొంతు మాత్రం పెంచింది. "తల్లి ముందు తమరి చేత అబద్ధం ఆడిస్తున్నారు ప్రభూ. నాకు మాట్లాడే వీలివ్వండి. నాది తప్పైతే ఆ శాసనంలో ఉన్నట్టు నా చేయి తీసేయండి."

రాజు అబద్ధాలు చాలా ఆడాడు కానీ, ఆడబోతుండగా ఎవరూ ఆపలేదు. అందుకే కాబోలు పువ్వున్న చేయి కిందికి దించాడు. "మాట్లాడనివ్వండి" అన్నాడు.

శుభంకరుడు ముందుకొచ్చాడు. "ప్రభూ, ఈ మైల పిల్ల..."

"మొదట ఆ మాటే తేలుద్దాం" అంది పైడి. "నా చేయి మైలైతే, పన్నెండేళ్లు నా చేతికింద ఆ పొద ఎలా పూసింది? తమరి చేయి పవిత్రమైతే, ఏడు నెలల్లో ఎలా ఎండింది?"

"ఎండిందా! అమృతం లాంటి పాలు పోశాం మేము!"

"పాలు బిడ్డ తాగుతుంది, దూడ తాగుతుంది. వేరు తాగదు. వేరు దగ్గర పాలు విరుగుతాయి, కుళ్లుతాయి, పుండు చేస్తాయి. ఇంత చదువుకున్నారు, మొక్కకు నోరెక్కడుంటుందో తెలియదా అయ్యా?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. శుభంకరుడి మొహం పువ్వులకంటే ఎర్రబడింది. "దేవతకు కత్తి పెట్టమంటుంది ప్రభూ ఇది! అపచారం!"

"తమరి గడ్డం ఈ పొద్దున దేంతో గీయించుకున్నారు? గరికతోనా?" ఈసారి రాజు పెదవి కూడా కదిలింది. "గడ్డం గీస్తే మనిషి చావడు, కత్తిరిస్తే మందారం చావదు. కత్తిరించకపోతేనే ఎండ వెతుక్కుంటూ సాగి సాగి చస్తుంది. ఆ మాట అలా ఉంచండి. మహారాజా, నాది ఒక్కటే ప్రశ్న. కాయైనా పువ్వైనా, తెంపిన చోట పచ్చి తొడిమ మిగులుతుంది. నూట ఎనిమిది పువ్వులు తెంపితే నూట ఎనిమిది పచ్చి గుర్తులుండాలి. తెర తీయించి, ఒక్కటి చూపించమనండి. ఒక్కటి చాలు!"

  రాజు పువ్వు చేతిలోనే పట్టుకుని మిట్ట దిగాడు. వెనకే జనమంతా దిగారు.

పట్టు తెర లాగారు. లోపల ఉన్నదాన్ని పొద అనడానికి నోరు రాదు. చీపురు పుల్లలకు బూజు పట్టినట్టుంది. ఆకులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పుల్లపుల్లకూ తెల్ల పిండినల్లి. మొదట్లో నల్ల బురద, విరిగిన పాల కంపు. రాజు తిన్నెమీద కాలు పెట్టగానే చీమల దండు కాళ్లకు పాకింది. మహారాజు, ఐదు సుగుణాల మహారాజు, అందరి ఎదుటా గంతులేశాడు.

తెంపిన గుర్తు ఒక్కటీ లేదు.

"మరి ఈ పువ్వులు ఎక్కడివి?" అని అడిగాడు రాజు.

శుభంకరుడు తల ఎత్తకుండానే, "వాడలోవి ప్రభూ. ఎక్కడ పూసినా తల్లివే కదా" అన్నాడు.

అప్పుడు పైడికి వచ్చిన కోపం చూడాలి! ఏడు నెలలు దిగమింగినదంతా ఒక్కసారిగా పొంగింది. "మొక్కకు మా చేయి తగిలితే మైల. మా చేతి పువ్వు తెంపుకుంటే మైల కాదా? నాటినప్పుడు మేము పనికిరాము, కోసేటప్పుడు మా వాకిలి పనికొచ్చిందా? మా గుడిసె కూల్చి, మా కుండ పగలగొట్టి, మా పువ్వే తల్లికి పెట్టి, మహిమ తమరిదంటారా? మహారాజా, తమరికి తెలియదనకండి. తమరు చూడలేదు. ఏడు నెలల్లో ఒక్కసారి తెర ఎత్తి చూడలేదు. ఆ చూడకపోవడం మాత్రం తమరు స్వయంగా చేసిన పనే. దానికి వేరేవాళ్ల చేయి అక్కర్లేదు."

 భటులు కత్తులు దూస్తారనుకున్నారు జనం.

దూయలేదు. ఆ జనంలోంచి నూకాలత్త కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. పొద్దున వాకిలికి అడ్డం నిలబడిన నూకాలత్తే. వెండి పళ్లెం తెచ్చిన భటుడి దగ్గరికి వెళ్లి, ఒక పువ్వు ఏరి తీసింది. "ఇది నా వాకిట్లోది. రేకు అంచు గొంగళిపురుగు కొరికింది, నిన్న మొగ్గలోనే చూశాను" అని, తల్లి గద్దెవైపు తిరిగి, పదిమందికీ వినబడేలా అంది: "తల్లీ, ఈ పువ్వు నా చేతి నీళ్లు తాగింది."

ఇంకో ఆడమనిషి వచ్చింది. ఇంకో ముసలాయన వచ్చాడు. ఒకరి తరవాత ఒకరు వాడంతా కదిలింది. ఎవరి పువ్వు వాళ్లు గుర్తుపట్టారు. పెంచినవాళ్లకు తెలియదా! అదే మాట నూటేడుసార్లు మోగింది. నూటేడుసార్లూ నిజమే.

పళ్లెం ఖాళీ అయింది. రాజు చేతిలో ఒక్క పువ్వు మిగిలింది.

"ఇదెవరిది?" అన్నాడు రాజు.  పట్టుకున్న చేతి వేడికి అది అప్పటికే వాడి, గుర్తుపట్టడానికి లేకుండా పోయింది. దాన్ని పైడి వైపు చాచి, "నువ్వే పెట్టమ్మా" అన్నాడు.

పైడి చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఆ మాట నేనూ అనలేను ప్రభూ. ఏడు నెలలుగా నా చేతి నీళ్లు నా పొదకు అందనివ్వలేదు తమరు."

రాజు తల దించుకున్నాడు. కిరీటం బరువుకి కాదు. పొద వైపు చూసి, "ఇది బతుకుతుందా?" అని అడిగాడు.

పైడి తిన్నె ఎక్కింది. ఒక్కో కొమ్మను గోటితో గీరి చూసింది. గోధుమరంగు. గోధుమరంగు. గోధుమరంగు. నేల దగ్గర, తన పాత గుడిసె వైపు ఉన్న కొమ్మను గీరింది. సన్నటి పచ్చ గీత. ఆ వైపు వేరు ఒక్కటి రాతికింద దూరి, ఒకప్పుడు తను అంట్ల నీళ్లు పారబోసిన చోటుకు పాకి ప్రాణం నిలుపుకుంది.

"కత్తి ఇవ్వండి" అంది.

రాజు తన నడుములో కత్తి తీసి ఇచ్చాడు. శాసనం వేయించినవాడే ఇనుము అందించాడు. పైడి మోకాలెత్తున పొదనంతా నరికేసింది. నల్లబడిన వేళ్లు తీసేసింది. రాళ్లు పీకించింది, చాందినీ దింపించింది. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పేడ ఎరువు కలిపి నింపింది. ఎరువు గంపలు మోసింది ఎవరనుకున్నారు? శుభంకరుడే. పట్టు ఉత్తరీయం నెత్తిమీద చుట్టకుదురు చేసుకుని మరీ మోశాడు.

"నీకేం బహుమానం కావాలి?" అన్నాడు రాజు.

"నా గుడిసె నాకు కట్టించండి. పొయ్యి పొగతో సహా. ఇక తమరు, వాగు అటువైపు. బిందె ఇదిగో."

"నేనా?"

"పువ్వు కావాలంటే తమరే. మట్టిలో వేలు దించండి. తడి తగిలితే బిందె దించెయ్యండి. తగలకపోతే పొయ్యండి."

మొదటి రోజు బిందెలో సగం నీళ్లు రాజు పట్టుబట్టలకే పోయాయి. పదో రోజుకు భుజం కాయకాసింది. ఇరవయ్యొకటో రోజు మోడుమీద ఆవగింజంత చిగురు కనబడింది. రాజు దాన్ని చూసి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడని తేనెపిట్ట ఊరంతా చాటింది.

మరుసటి శ్రావణ శుక్రవారం పొద చిన్నదే. పూసింది ఒక్కటే. రాజు ఆ ఒక్కదాన్ని, గోళ్లకింద మట్టి ఉన్న చేత్తో పట్టుకుని, తల్లి ఎదుట నిలబడ్డాడు.

"తల్లీ, ఈ పువ్వు నా చేతి నీళ్లు తాగింది."

ఈసారి జనం చప్పట్లు కొట్టలేదు. నిజానికి చప్పట్లు అక్కర్లేదు. పైడి తన గుడిసె ముందు నిలబడి, మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. శుభంకరుడు వరసలో ఖాళీ చేతులతో నిలబడ్డాడు. ఎరువైతే మోశాడు గానీ నీళ్లెప్పుడూ పోయలేదు. "వచ్చే ఏడు చూద్దాంలే స్వామీ" అంది తేనెపిట్ట, అతని నెత్తిమీదుగా ఎగురుతూ.

కథ అయిపోయింది, మీ పని మొదలైంది. రేపు పొద్దున గోడ పక్క మందారం మీదికి చేయి చాచేముందు ఆ మొదట్లో వేలు దించి చూడండి. పొడిగా ఉంటే బిందె ఎత్తండి. ఆ మొక్కను పెంచిన మనిషి ఎవరో వెళ్లి పేరు అడగండి. ఆ మనిషిని గడప అవతల నిలబెట్టే ఇల్లు మీదైతే, ముందు ఆ గడప తలుపు తీయండి, పూజ సంగతి ఆ తరవాత. ఎందుకంటే పెంచిన చేతిని తోసేసి పువ్వుకు మొక్కేది భక్తి కాదు, దొంగతనం. నీళ్లు పోసిన చేయే పువ్వు పట్టుకోవాలి!